తీగ లేని మీట

ఎడారి ఊరు టూసాన్‌లో ఫెర్మీన్ ఒచోవాను ఎరిగినవాళ్ళంతా అతన్ని జాగ్రత్తపరుడనే అంటారు. అతను బడి బస్సు నడుపుతాడు. తెల్లవారుతూనే బస్సు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, టైర్లు తట్టి, లైట్లన్నీ చూసుకుంటే గాని తాళం తిప్పడు. సొంత ఇంటికి వచ్చేసరికి మాత్రం జాగ్రత్తంతా నోట్లోనే ఉండిపోయేది. ఏసీ ఎలా వాడుకోవాలో ఇంటిల్లిపాదికీ పాఠాలు చెప్పేవాడు. ఎండెక్కకముందే తెరలు దించాలి, మధ్యాహ్నం పూట పొయ్యి వెలిగించకూడదు, తలుపు తీసిపెట్టి గుమ్మంలో కబుర్లాడకూడదు, నెల నెలా ఫిల్టర్ మార్చాలి. ఈ చివరిది తన వంతు పని. దాన్ని అందరికంటే గట్టిగా చెప్పేవాడు, అందరికంటే ముందు తనే మరిచిపోయేవాడు.

ఈ పాఠాలు చెవికెక్కనిది అతని అత్తగారు యులాలియాకు. భర్త పోయాక ఆవిడ సరిహద్దు ఊరు నొగాలెస్ వదిలి కూతురి దగ్గరికి వచ్చేసింది. అక్కడ ఉన్నన్నాళ్ళూ తడి గడ్డి కూలరే. దానికి నీళ్ళు ఎంత పోస్తే అంత చల్లదనం. హాల్లో గోడకున్న గుండ్రటి ఏసీ మీట కూడా ఆ బాపతే అనుకుని, ఉక్కపోసినప్పుడల్లా దాన్ని ఫారెన్‌హీటు లెక్కన అట్టడుగున ఉన్న అరవైకి తిప్పేసేది. ఎంత కిందికి తిప్పినా మిషన్ పరుగెత్తదని, దానికి తెలిసింది ఒకటే నడకని, అలా తిప్పితే ఆగడం మరిచిపోయి తన పీకమీదికే తెచ్చుకుంటుందని ఫెర్మీన్ ఎన్నోసార్లు చెప్పాడు. ఆవిడ బుద్ధిగా తలూపేది. అతను అటు తిరగ్గానే ఇటు తిప్పేది. వేసవిలో బళ్ళుండవు గనుక అల్లుడూ అత్తా పగలంతా ఒకే కప్పు కింద. అతని భార్య గ్రసియేలా ఆసుపత్రి బట్టలుతికే చోట ఆవిర్లలో పనిచేసి ఇంటికొస్తే, చెప్పులు విడవకముందే ఇద్దరి ఫిర్యాదులూ వినాల్సి వచ్చేది.

ఒక వేసవి మొదట్లో ఫెర్మీన్ ఆ పాత మీట తీసేసి, అంకెలు కొట్టి తాళం వేసుకునే కొత్తదాన్ని బిగించాడు. పాతది అతని చేతిలో మిగిలిపోయింది. బంగారు రంగు, గుండ్రటి ఒళ్ళు, తిప్పితే సన్నగా టిక్కుమంటుంది. అప్పుడొచ్చింది అతనికి ఆలోచన. దాన్ని తీసుకెళ్ళి అత్తగారి గది గోడకు రెండు మరలు వేసి బిగించాడు. దాని వెనక సున్నం తప్ప మరేమీ లేదు.

ఇది ఆవిడ గదికి మాత్రమేనని, ఇష్టమొచ్చినట్టు తిప్పుకోవచ్చని, మీట మీదున్న చివరి గీత దాటితే మాత్రం మిషన్ తట్టుకోదని చెప్పాడు. ఆ గీత కథ నమ్మకం కుదరడం కోసం చెప్పింది. భార్యకూ అదే చెప్పాడు. మొదటి వారం తనలో తను బాగా నవ్వుకున్నాడు. ఇంట్లో గొడవ తీరింది, మిషన్ సుఖపడింది, ఎవరికీ నష్టం లేదు. అలా అనుకున్నాడు పాపం.

నవ్వు ఆగిపోయింది యులాలియా పొగడ్తలతో. ప్రతి గురువారం మధ్యాహ్నం ఆవిడ గదిలో చర్చి స్నేహితురాళ్ళు హొర్తెన్సియా, ఒఫేలియా చేరేవాళ్ళు. ముగ్గురూ బొమ్మల చీటీల ఆట ఆడేవాళ్ళు. ఒకరు చీటీ తీసి బొమ్మ పేరు పిలిస్తే, మిగిలినవాళ్ళు తమ పలక మీద ఆ బొమ్మ ఉంటే దానిపై చిక్కుడు గింజ పెట్టాలి. ఆట మధ్యలో యులాలియా దర్జాగా లేచి, మీట తిప్పి, ఇప్పుడొస్తుంది చూడండనేది. వాళ్ళు కాసేపు మొహాలెత్తి కూర్చుని, అవునే, వచ్చిందే అనేవాళ్ళు.

"నా అల్లుడు బంగారం" అనేది యులాలియా. "మా ఆయన నలభై ఏళ్ళ కాపురంలో నా అంతట నన్ను ఒక కిటికీ తెరవనివ్వలేదు. ఈ అబ్బాయి నాకు చల్లదనమే రాసిచ్చేశాడు."

ఎర్ర మందార పానీయం గ్లాసులు పట్టుకొచ్చిన ఫెర్మీన్, పళ్ళెం అక్కడ పెట్టేసి వంటింట్లోకి తప్పుకునేవాడు. నిజం చెబుదామని ప్రతి గురువారం అనుకునేవాడు. వాళ్ళు వెళ్ళాక ఆవిడ మొహంలో సంతోషం చూసి వచ్చే వారానికి వాయిదా వేసేవాడు.

జూలైలో దుమ్ము తుఫాను ఊరిని కమ్మేసి పోయింది. ఆ తర్వాత ఒక శనివారం ఇల్లు మెల్లగా వేడెక్కసాగింది. కప్పు మీద మిషన్ తిరుగుతూనే ఉంది, జాలీల్లోంచి గాలి మాత్రం ముసలివాడి ఊపిరిలా వస్తోంది. ఫెర్మీన్ నిచ్చెనెక్కి మిషన్ తలుపు విప్పాడు. చెయ్యి పెడితే కాలిపోయే ఆ ఎండలో లోపలి గొట్టాలు తెల్లగా మంచు గడ్డకట్టి ఉన్నాయి. గాలి ఆడకపోతేనే అలా అవుతుంది. అప్పుడే అతనికి ఫిల్టర్ గుర్తొచ్చింది. దిగొచ్చి హాలు కప్పుకు ఉన్న జాలీ తెరిచాడు. బళ్ళు మూయకముందెప్పుడో పెట్టిన ఫిల్టర్ దుమ్ము పట్టి బూడిద రంగు కంబళిలా ఊడి అతని నెత్తిన పడింది. దాన్ని ఎవరూ చూడకుండా పెరటి చెత్తపెట్టె అడుగున కుక్కి మూత వేశాడు. తిరిగి చూస్తే గుమ్మంలో అత్తగారు.

"నాయనా, అది నేనే పాడుచేశాను" అంది ఆవిడ.

"ఏది అత్తయ్యా?"

"మిషను. మొన్న గురువారం హొర్తెన్సియా ఉక్కగా ఉందంది. నువ్వొద్దన్న గీత దాటించి తిప్పేశాను. నలుగురిలో గొప్పకి పోయాను. రెండు రోజులుగా చెబుదామంటే నోరు రాలేదు." కళ్ళు తుడుచుకుంది. "కావాలంటే తిట్టు."

అతని చేతులకు ఇంకా ఆ దుమ్ము ఉంది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. ఫెర్మీన్ చేతులు వెనక్కి పెట్టుకుని, "పోనీలెండి అత్తయ్యా. ఇంకెప్పుడూ అలా చెయ్యకండి" అన్నాడు.

క్షమించేశాడు! తన తప్పు చెత్తపెట్టెలో దాచి, ఏ పాపమూ ఎరగని మనిషిని పెద్దమనసుతో క్షమించేశాడు. యులాలియా అంతటితో ఊరుకోలేదు. అతని తల వంచి, బొటనవేలితో నుదుటి మీద శిలువ గుర్తు వేసి దీవించింది. ఫెర్మీన్‌కు అక్కడికక్కడ భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

సాయంత్రం భోజనాల దగ్గర ఆవిడ కూతురి ముందు మళ్ళీ తప్పు ఒప్పుకుంది. గ్రసియేలా తల్లిని కడిగేసింది. ఒక్క మాట వింటే ఏం పోయిందని, అందరూ ఉడికి చావాలా అని అడిగింది. పెద్దావిడ, వదిలెయ్ అన్నాడు ఫెర్మీన్. "నీకున్న ఓపిక నాకు లేదు" అంటూ భార్య ప్రేమగా అతని చెయ్యి నొక్కింది. అతను చేతిలోని రొట్టె ముక్క కంచంలో పెట్టేశాడు.

మంచు కరిగింది, కొత్త ఫిల్టర్ పడింది, ఆదివారానికి ఇల్లు ఎప్పటిలా చల్లబడింది. యులాలియా మాత్రం ఎప్పటిలా లేదు. మీట మీద తను అల్లిన గుడ్డ ఒకటి కప్పింది. గురువారం ఒంట్లో బాగా లేదని హొర్తెన్సియాకు ఫోన్ చేసి రావద్దంది. ఇంట్లో దేన్ని ముట్టుకోవాలన్నా భయం పట్టుకుంది. "నాయనా, ఈ ఫ్యాను వేసుకోవచ్చా?" "నాయనా, స్నానాల గదిలో దీపం వేస్తే ఏమీ కాదుగా?" తన ఇంటిని వదులుకుని వచ్చిన మనిషి, కూతురి ఇంట్లో పరాయిదానిలా అడిగి అడిగి తిరుగుతుంటే, ఫెర్మీన్‌కు ప్రతి ప్రశ్నా చెంపదెబ్బ అయింది. ఫ్యాను సంగతి మూడోసారి అడిగిన రోజు, జవాబు చెప్పకుండా వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చాడు.

ఆవిడ మంచం మీద కూర్చుని చూస్తోంది. అతను గుడ్డ తీసి, మరలు విప్పి, మీటను తెచ్చి ఆవిడ ఒడిలో పెట్టాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గోడకేసి చూసింది.

"తీగలేవి?"

"లేవు అత్తయ్యా. మొదటినుంచీ లేవు."

"మరి చల్లబడేది?"

"హాల్లో ఉన్నదాన్ని బట్టే. మీరు తిప్పినా తిప్పకపోయినా ఒకటే." అతను ఆవిడ మొహం చూడలేకపోయాడు. "మిషను చెడింది నా వల్లే. ఫిల్టర్ మార్చలేదు."

యులాలియా మీటను ఒకసారి టిక్కుమనిపించింది. తర్వాత అడిగింది. "నేను నీ ముందు నిలబడి ఏడ్చాను కదా. అప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ మీటను అతని చేతిలో తిరిగి పెట్టింది.

"ఫిల్టర్ సంగతి ఈ రాత్రి నా కూతురికి చెప్పు. నేను వింటుండగా చెప్పు. దీన్ని మాత్రం ఉన్నచోటే బిగించు."

"ఇంకా ఎందుకు అత్తయ్యా? పారేస్తాను."

"గురువారం వాళ్ళొస్తారు" అంది యులాలియా. "వాళ్ళ ముందు నేను తల దించుకోలేను. ఇంకెవరికీ తెలియనివ్వకు."

ఆ రాత్రి అతను చెప్పాడు. గ్రసియేలా ముందు తల్లికేసి చూసింది, తర్వాత మొగుడికేసి చూసింది, కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. రెండు రోజులు పలకలేదు.

గురువారం వచ్చింది. స్నేహితురాళ్ళు వచ్చారు. పలకలు పరిచారు, గింజలు పంచుకున్నారు. ఫెర్మీన్ గ్లాసులు పెడుతుండగా హొర్తెన్సియా చీటీతో విసురుకుంటూ, "ఏమే, ఇవాళ మీ చల్లదనం నిద్రపోయిందా?" అంది.

యులాలియా లేచింది. గోడ దగ్గరికి నడిచింది. టిక్కుమనిపించింది. ఆవిడ చూపు మీట మీద లేదు, అల్లుడి మీద ఉంది. ఫెర్మీన్ ఖాళీ పళ్ళెంతో హాల్లోకి వచ్చి, కొత్త మీట తాళం అంకెలు కొట్టి, రెండు డిగ్రీలు కిందికి దించాడు. కప్పు మీద మిషన్ గుర్రుమంది.

"ఆ, వచ్చింది" అంది లోపల ఒఫేలియా.

"నీ అల్లుడు బంగారమే" అంది హొర్తెన్సియా.

హాల్లో గోడకానుకుని ఫెర్మీన్ ఎదురుచూశాడు. ఎప్పుడూ ఆ మాట అనేది ఆవిడే. లోపల కాసేపు గింజల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"చీటీ పిలువు హొర్తెన్సియా" అంది యులాలియా.