గుప్పెడు తవుడు, ఆరు కిలోల కొడుకు

నేను ఒక పిల్లవాణ్ణి వేలం వేశాను. కంగారుపడకండి, పోలీసులకు ఫోను చేయకండి. పిల్లవాడు క్షేమంగానే ఉన్నాడు. ఆ వేలంలో పోయిందల్లా నా పరువు ఒక్కటే, అది కూడా తెనాలి దాకా పోయింది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఏఎన్ఎం ఉద్యోగం కొత్త. బాపట్లలో ట్రైనింగు పూర్తిచేసి, తెల్ల చీర గంజిపెట్టి కట్టుకుని, నిజాంపట్నం దగ్గర ఒక సముద్రపు పల్లెకు సిస్టరమ్మనై దిగాను. నేను అడుగు పెట్టగానే ఊళ్లో పిల్లలందరూ వాళ్లంతట వాళ్లే బొద్దుగా తయారవుతారని నా నమ్మకం. పొగరుకు మందు లేదుగా, ఉంటే నా సంచీలోనే ఉండేది.

పుట్టింది తెనాలిలో, వ్యవసాయం చేసుకునే ఇంట్లో. మావైపు "పిల్లాడు ఎన్ని కిలోలున్నాడు?" అని అడగటం, పంట ఎన్ని బస్తాలయిందని అడిగినట్టే. మా అమ్మ బుగ్గమీద దిష్టిచుక్క పెడుతూనే, మా తమ్ముడి బరువు గోడ అవతలి పిన్నిగారికి కూడా వినిపించేలా చెప్పేది. దానికి తోడు బాపట్ల ట్రైనింగులో మేడమ్ "అంకె గట్టిగా, స్పష్టంగా పలకాలి, రాసుకునేవాళ్లకు వినపడాలి" అని నేర్పారు. నేను మంచి విద్యార్థిని. అదే కొంప ముంచింది.

ఆ నెల పిల్లల బరువులు చూసే రోజున అంగన్‌వాడీ కప్పు రేకులు మారుస్తున్నారు. నా స్ప్రింగు కాటా తగిలించడానికి కొక్కెం లేదు. అటూ ఇటూ చూస్తే ఒడ్డున చేపల వేలంపాట జరిగే షెడ్డు కనిపించింది. పొద్దున పాట అయిపోయి ఖాళీగా ఉంది. నీడ ఉంది, దూలం ఉంది, దూలానికి బ్రహ్మాండమైన ఇనుప కొక్కెం ఉంది.

"ఇక్కడొద్దండి సిస్టరమ్మా," అంది ఆశా కార్యకర్త సుబ్బులు.

"ఏం, ఎందుకొద్దు?"

"ఇక్కడ చేపల్ని తూస్తారండి."

"శుభ్రంగా కడిగించాం కదా!"

ఆవిడ చెప్పింది శుభ్రం గురించి కాదని తెలుసుకోవడానికి నాకు ఇంకో అరగంట పట్టింది.

తల్లులు వచ్చారు. అందరిలోకీ నాకు కావలసింది నాగలక్ష్మి కొడుకు. ఎనిమిది నెలలవాడు, వరసగా మూడు నెలలుగా ఆరు కిలోల దగ్గరే ఆగిపోయాడు. ఈసారీ ముల్లు కదలకపోతే రేపల్లెలో పిల్లల డాక్టరుకు చూపించాల్సిందే. వాడి సన్నటి కాళ్లు చూసినప్పుడల్లా నాకు రాత్రి అన్నం సయించేది కాదు. ఈ భయం మాత్రం నిజం, ఇందులో నవ్వులాట లేదు.

వాణ్ణి లాగులాంటి గుడ్డసంచిలో కూర్చోబెట్టి కాటాకు వేలాడదీశాను. సముద్రపు గాలి హోరు, బోట్ల ఇంజన్ల మోత. సుబ్బులు రిజిస్టరుతో దూరంగా కూర్చుంది. నేను గొంతెత్తి అరిచాను:

"ఆరూ! ఆరు కిలోలూ!"

ఐసుపెట్టెల వెనక కునుకు తీస్తున్న చేపల వ్యాపారి కోటయ్య బాబాయి ఉలిక్కిపడి లేచాడు. కళ్లు ఇంకా తెరుచుకోలేదు, చెవులు మాత్రం ముప్పై ఏళ్ల అలవాటులో ఉన్నాయి.

"ఆరు నాదే! నాకే రాసెయ్! ఐసు కొట్టించు!"



నాగలక్ష్మి కేక పెట్టింది. "నా బిడ్డని పాటకెడతారా!" అంటూ పిల్లాణ్ణి లాక్కుని పరుగెత్తింది. సంచితో సహా, కాటాతో సహా. ఆ కాటా వెనకాల ఇసకలో గీత గీసుకుంటూ పోయింది. దాని వెనక "ప్రభుత్వ సొత్తు! ప్రభుత్వ సొత్తు!" అంటూ నేను. మిగిలిన తల్లులు కొంగుల కింద పిల్లల్ని దాచుకుని ఎటువాళ్లటు వెళ్లిపోయారు. అందరూ పప్పులో కాలేస్తారు, నేను ఏకంగా చేపల బుట్టలో దూకాను.

"అందుకేనండీ వద్దన్నాను," అంది సుబ్బులు తీరిగ్గా. "ఈ షెడ్డులో బరువు పైకి చెప్పారంటే, అది అమ్మకానికేనండి."

కాటా సాయంత్రానికి మా గుమ్మంలో ప్రత్యక్షమైంది. పిల్లలు మాత్రం రాలేదు. వారం పాటు ఏ ఇంటికెళ్లినా "నిద్రపోతన్నాడమ్మా" అన్నారు. నాకు కళ్లముందు ఆ ఆరు దగ్గర ఆగిన ముల్లే. ఇక ఉండబట్టలేక నాగలక్ష్మి ఇంటికి వెళ్లి, అరుగుమీద ఎండుచేపలు తిరగేస్తున్న వాళ్లత్త వీరమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"తప్పయిపోయింది పెద్దమ్మా. వాణ్ణి ఒక్కసారి రేపల్లెలో చూపించనివ్వండి."

"పాటలో పలికిన పిల్లాడమ్మా వాడు. దిష్టి పోయేలా ఎవురోకరు కొనందే గడప దాటిచ్చకూడదు."

"కోటయ్య బాబాయి పాడాడుగా?" నోరు జారాను.

"ఆడు ఐసు కొట్టమన్నాడు!" అని ఉరిమింది వీరమ్మ. "అమ్మకానికెట్టింది నువ్వు. నువ్వే కొను."

"ఎంతకు?"

"గుప్పెడు తవుడుకి."

గడపలో చేట పెట్టి, అందులో పిల్లాణ్ణి పడుకోబెట్టారు. పక్కింటి గేదె కుడితికి ఉంచిన తవుడు తెచ్చి నా చేతిలో పోశారు. నేను గంజిపెట్టిన చీరలో గొంతుక్కూర్చుని, ఆ తవుడు నాగలక్ష్మి కొంగులో పోసి, చేటలోంచి వాణ్ణి ఎత్తుకున్నాను. వాడు నా ముక్కు పట్టుకున్నాడు.

"ఇయ్యాళ్టినుంచీ నీ కొడుకు. పేరు తవిటయ్య. మేం ఊరికే పెంచుతామంతే," అంది వీరమ్మ.

నాకు బుర్ర వెలిగింది. అంతకుముందూ ఆ తరవాతా అంత బాగా వెలిగిన గుర్తు లేదు.

"నిజంగా నావాడేనా?"

"గంగమ్మ తోడు."

"అయితే నా కొడుకుని రేపు రేపల్లె డాక్టరుకి చూపించుకుంటాను."

వీరమ్మ చేట తీసి గోడకు ఆనించింది. నాగలక్ష్మి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు ఏడుపొచ్చినంత పనయింది.

రేపల్లెలో డాక్టరుగారు "తల్లి ఎవరమ్మా?" అన్నారు.

"నేనేనండి," అన్నాం ఇద్దరం.

ఆయన పెన్ను కింద పెట్టేశారు. తవుడు సంగతంతా విన్నాక, నవ్వు ఆపుకోవడానికి రెండుసార్లు దగ్గి, పిల్లాణ్ణి తీరిగ్గా పరీక్ష చేశారు.

"జబ్బేమీ లేదు. ఏం పెడుతున్నారు?"

"పాలేనండి. మా అన్న దూరం రేవుకి చేపల వేటకెళ్లి రెండు నెలలైంది. మేనమామ లేందే అన్నప్రాసన చెయ్యమండి," అంది నాగలక్ష్మి.

"ఎనిమిదో నెలలో పాలొక్కటే ఎట్లా చాలతాయమ్మా? వీడికి మందు అన్నమే."

"మేనమామ..."

"నా కొడుక్కి మేనమామ తెనాలిలో ఉన్నాడు," అని మా తమ్ముడికి ఫోను కొట్టాను. "ఒరేయ్, నీ మేనల్లుడికి అన్నం ముట్టిస్తున్నాం, సరేనను!"

అటువైపు గిన్నె కిందపడ్డ చప్పుడు. తరవాత మా అమ్మ గొంతు: "మేనల్లుడేంటే? నీకు కొడుకేంటే? పెళ్లిచూపులకు ఆదివారం వస్తున్నారే!"

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. నా విషయంలో పెళ్లి లేదు, పేరంటం లేదు, కొడుకు మాత్రం ఒళ్లో కూర్చుని తవిటయ్య పేరుతో బస్టాండు హోటల్లో ఇడ్లీ తింటున్నాడు. అవును, వాడి అన్నప్రాసన ఇడ్లీతోనే జరిగింది. ఆ పెళ్లివారు ఆదివారం రాలేదు. పోనీలెండి, తరవాత వచ్చిన వారు తవుడు కథ విని కూడా చేసుకున్నారు.

రెండు నెలల్లో ముల్లు కదిలింది. ఆ అంకె నేను పైకి అనలేదు. నాగలక్ష్మి చెవిలో చెప్పాను, ఆవిడ నా చేయి పట్టుకుని వదల్లేదు. ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ బరువులన్నీ చెవుల్లోనే చెప్పాను. సుబ్బులు కూడా రిజిస్టరు కొంగు చాటున రాసేది. ఇప్పుడు తెనాలిలో పనిచేస్తున్నా, ఒక్కోసారి ఆ ఎండుచేపల వాసనకూ ఆ హోరుగాలికీ మనసు లాగుతుంది.

మొన్న నాగలక్ష్మి నంబరు నుంచి ఫోను. అవతల నా కొడుకు. ఇప్పుడు వాడికి పదకొండేళ్లు.

"సిస్టరమ్మా, నా ప్రోగ్రెస్ కార్డు మీద నువ్వు సంతకం పెట్టాలి."

"మీ అమ్మ ఉందిగా?"

"కార్డు చూసి, నిన్ను కొన్నామె దగ్గరికే పో అంది."

"లెక్కల్లో ఎన్నొచ్చాయిరా?"

వాడు గొంతు తగ్గించాడు.

"అంకె పైకి చెప్పకూడదు సిస్టరమ్మా. దిష్టి తగులుద్ది."

కాబట్టి, ఎడమచేత్తో వాడు తెచ్చిచ్చిన ఆ కార్డూ, కుడిచేత్తో గుప్పెడు తవుడూ పట్టుకుని, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ తల్లి బిడ్డనూ కొక్కెం కింద నిలబడి అంకెతో పిలవను. ఐసుపెట్టెల వెనక ఎవరైనా నిద్రపోతున్నారేమో చూడకుండా నోరు తెరవను. సంతకం పెట్టేశాను. మార్కులు మాత్రం కావాలంటే దగ్గరికి రండి, చెవిలో చెబుతాను.