వకీలు ముఖం

మిర్యాలగూడ కోర్టులో పొలం గట్ల తగాదాలు, నీళ్ల తగాదాలు తీర్చే మున్సిఫు కిషన్‌రావుకు ఒక అలవాటుంది. నిజాం కాలం నుంచి వస్తున్న పద్ధతి ప్రకారం తీర్పు రాయడం, చదవడం ఉర్దూలోనే. చదవడం కాగానే కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, షేర్వాణీ మెడ గుండీ విప్పుకుని, అదే సంగతి నింపాదిగా తెలుగులో చెబుతాడు. ఆయన వచ్చి మూడు నెలలే అయింది. అంతకుముందు జనం గెలిచారో ఓడారో తమ వకీలు ముఖం చూసే తెలుసుకునేవారు.

నలభైతొమ్మిది ఎండాకాలంలో త్రిపురారం సత్తెమ్మ దావా తేలింది. దాయాదులంతా పంచుకునే పాళ్ల బావిలో ఆమె మోట కట్టి నీళ్లు తోడుకునే వంతుకు మరిది అడ్డుపడి మూడేళ్లయింది. వంతు ఆమెదేనని మున్సిఫు తెలుగులో చెప్పాడు. ఆమె మాత్రం పాత అలవాటు కొద్దీ వకీలునే చూస్తూ నిలబడింది. ఆయనది పుట్టుకతోనే ఏడుపు ముఖం. సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కిషన్‌రావు కుర్చీ దిగి వచ్చాడు. "అవ్వా, నా దిక్కు సూడు. నువ్వే గెలిచినవ్."

"మున్సిఫుకు తెలుగొస్తదా? నిన్నెట్ల తీసుకున్నరు బిడ్డా?"

"లా పరీక్ష పాసైనవా, వకాలతు చేసినవా, ఉర్దూ వస్తదా అని అడిగిండ్రు. తెలుగు సంగతి ఎవ్వరడగలే."

"ఇగ వచ్చేటోళ్లను ముందుగాల గదే అడగమని రాయి బిడ్డా."

కోర్టంతా గొల్లున నవ్వింది. వకీలు కూడా నవ్వాడు. ఆ ముఖం చూశాక గానీ తాను గెలిచానని సత్తెమ్మకు నమ్మకం కుదరలేదు.