నూర్జహాన్ మేడం అడిగిన ప్రశ్న

ఇవాళ ఘుబ్రాలో మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో పిల్లల కాగితాల కట్ట విప్పగానే సాంబ్రాణి వాసన గుప్పుమంది. ఇక్కడి అరబ్బుల ఇళ్లలో వేసే ధూపం కాగితాలకీ పడుతుంది. ఆ కాగితాలు చూస్తుంటే అప్పటి మా హెడ్ నూర్జహాన్ మేడం గుర్తొచ్చారు. కడప మనిషి. ఎవరినీ ఓ పట్టాన నమ్మేవారు కారు, నన్నైతే అసలే కాదు. నేను చేరిన కొత్తలో నీటి పొదుపు మీద వ్యాసం రాయమని అసైన్‌మెంట్ తయారుచేస్తే, చూసి పక్కకు నెట్టేశారు.

"ఇట్లాంటివి నెట్‌లో కుప్పలుగా ఉండాయి కదమ్మా! కాపీ కొట్టండని నువ్వే పిలుస్తాండావు."

ప్రశ్న ఆమే మార్చారు. మీ ఊరి తోటలకు నీళ్లు తెచ్చే ఫలజ్ కాలువ గురించి ఇంట్లో పెద్దల్ని అడిగి రాయండి. "ఇది యాడ దొరుకుతాదో నేనూ చూస్తా" అన్నారు.

అయినా రెండు కాగితాలు ఒకేలా వచ్చాయి. సమాయిల్ అనే ఊరి నుంచి వచ్చే అన్నదమ్ముల పిల్లలు సల్మా, మరియం. కాలువ ఎండిన ఏడాది ఊరంతా తవ్వుతుంటే వాళ్ల తాత పారకే నీళ్లు తగిలాయట. వరసా, మాటలూ, చివరికి తాత వేసిన కేకా ఒకటే. కాపీ అని తేలితే స్కాలర్‌షిప్ పోతుంది. మరియమే ఎత్తిరాసిందని నా గట్టి అనుమానం. ఎప్పుడూ వెనక బెంచీ, ఎప్పుడూ మౌనం!

మేడం ఇద్దర్నీ విడివిడిగా పిలిచి కథ చెప్పమన్నారు. ఇద్దరూ తడుముకోకుండా చెప్పారు. తాత కాఫీ తాగుతూ ఎప్పుడూ అవే మాటల్లో చెప్తాడట. కాపీ లేదు, పాడూ లేదు. కానీ మేడం వదల్లేదు. "ఇందులో నీకు నమ్మబుద్ధి కానిదేంటి?" అనడిగారు.

సల్మా తెల్లమొహం వేసింది. "తాత చెప్పాడు మిస్, అబద్ధం ఎందుకవుతుంది?"

మరియం చాలాసేపు నేల చూసింది. "తాత కుడిచెయ్యి పుట్టినప్పటి నుంచీ సరిగ్గా పనిచెయ్యదు మిస్. పార పట్టలేడు. తవ్వింది నానమ్మేమో. అడిగితే నవ్వి ఊరుకుంటుంది."

మేడం నావైపు తిరిగి, "పిల్లను అనుమానించినావు. మన ప్రశ్నను అనుమానించినావా? విన్నది రాయమంటే ఇట్లే వస్తాది" అన్నారు. నమ్మబుద్ధి కానిది కూడా రాయండి అని అప్పుడే ప్రశ్నకు చేర్చారు. ఇద్దరూ మళ్లీ రాశారు, ఇద్దరి స్కాలర్‌షిప్‌లూ నిలిచాయి. మరియం వ్యాసం చివర, ఇది తాతకు చదివి వినిపించొద్దని నానమ్మ ఒట్టు వేయించుకుందని ఉంది.

మేడం రిటైరై కడప వెళ్లిపోయారు. నేనిప్పుడు ప్రతి ప్రశ్ననూ ముందు ఫోన్‌ని అడిగి చూస్తాను, అది టకటకా రాసేస్తే ఆ ప్రశ్న చించేస్తాను. కాపీ అనిపించిన కాగితం వస్తే పిల్లను పిలిచి, నీకేది నమ్మబుద్ధి కాలేదని అడుగుతాను. చాలామంది తెల్లమొహమే వేస్తారు. ఎప్పుడో ఒక పిల్ల మాత్రం నేల చూస్తూ ఆగిపోతుంది. అప్పుడు నేను ఊపిరి కూడా గట్టిగా తీసుకోను, నూర్జహాన్ మేడం.