ఆరు మూరల మల్లెదండ

నా చిన్నప్పుడు ఒక్క లెక్క దగ్గర మొండికేసి చదువే పోగొట్టుకోబోయాను. ఆరుని అరతో భాగిస్తే పన్నెండు అన్నారు మా లెక్కల సారు. భాగిస్తే తగ్గాలి గానీ పెరగడమేమిటని అడిగాను. అరను తలకిందులు చేసి గుణించాలి, రూలంతే అన్నారాయన. అర్థం కానిది రాయనని నోటుబుక్కు మూసేశాను. పెద్దవాళ్లను తీసుకొచ్చేదాకా క్లాసులో కూర్చోవద్దన్నారు. మా బాపుకు చెబుదామంటే, ఆయన అసలే నన్ను బడి మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టాలని చూస్తున్నాడాయె. అందుకే నాయనమ్మ కాళ్లావేళ్లా పడ్డాను.

మా నాయనమ్మ పూల మార్కెట్ నుంచి పూలు తెచ్చి, దండలు కట్టి, సంతోష్‌నగర్ గల్లీల్లో మూరల లెక్కన అమ్మేది. సంతకం కూడా రాదు. నెత్తిన గంపతోనే బడికి వచ్చి, సారు చెప్పిందంతా ఓపిగ్గా విన్నది.

"గింతేనా సారూ" అంటూ మల్లెదండ తీసి, మోచేతి నుంచి వేలి కొస దాకా ఆరుసార్లు కొలిచింది. "మనిషికి అర మూరిస్తే ఒక్క మూర ఇద్దరికొస్తది. గట్ల ఆరు మూరలు ఎందరికొస్తయి బిడ్డా?"

పన్నెండు మందికి అని నేనే అన్నాను. అని, నోరు తెరుచుకుని ఉండిపోయాను.

సారు దండ దగ్గరికొచ్చి వంగి చూశారు. తర్వాత మెల్లగా, "మూరను మూడు పాళ్లు జేసి, మనిషికి రెండు పాళ్లిస్తే?" అని అడిగారు. పరీక్షించడానికి కాదు, తెలుసుకోవడానికే అడిగారు. నాయనమ్మ దండ మీద వేళ్లతో గుర్తులు పెట్టుకుంటూ పోయింది.

"ఆరు మూరలల్ల పద్దెనిమిది పాళ్లు. ఒకలకు రెండు. తొమ్మిది మందికి."

సారు బోర్డు మీద ఆరుని మూడుతో గుణించి రెండుతో భాగించారు. తొమ్మిదే. మూడింట రెండును తలకిందులు చేయడమంటే ఇదన్నమాట. సుద్దముక్క పక్కన పెట్టి, పిల్లలందరి ముందూ నాయనమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"ఇన్నేండ్ల సంది చెప్తున్న. ఎందుకట్ల చేస్తమో నాకే తెలవదమ్మా. ఇంకొకసారి చెప్పుండ్రి."

తెలియదని చెప్పే పెద్దమనిషిని అంతవరకూ చూసి ఎరగను. ఆ రోజు నుంచి మళ్లీ నా చోట నేను కూర్చున్నాను.

తర్వాత నేనూ లెక్కల టీచరునే అయ్యాను. రిటైరయ్యాక ఇప్పుడు మలక్‌పేటలో ఒక బడికి, కొత్త టీచర్లకు సాయంగా వెళ్తున్నాను. సూత్రాలన్నీ వాళ్లకు నోటికొచ్చు. ఎందుకని అడిగితే మాత్రం పుస్తకం తిరగేస్తారు. మొన్న ఒక అమ్మాయి పుస్తకం మూసేసి, "నాకు తెలవదు మేడమ్, ఇద్దరం కలిసి చూద్దామా" అన్నది. మోకాళ్ల నొప్పులు మరిచిపోయి లేచి నిలబడ్డాను.