పడవ లోపల డాలీ పట్టినవాడు

2022లో వానలు బాగా పడ్డాయి. యాడికి మండలంలో ఒక ఊరి చెరువు ఎన్నో ఏళ్ల తర్వాత నిండింది. ఒక శుక్రవారం ఉదయం ఆ ఊరి ఓబులేసు చిన్న అల్యూమినియం పడవను ట్రాక్టరులో తెచ్చి, తాడిపత్రి రోడ్డులోని మా షెడ్డు ముందు దించాడు. మాది బస్సులకు బాడీ కట్టే షెడ్డు. అల్యూమినియం రేకుతోనూ రివెట్లతోనూ నా బతుకంతా గడిచింది. పడవను ముట్టుకోవడం మాత్రం అదే మొదటిసారి. మా కరువు సీమలో పడవ బాగుచేయమని ఎవరు వస్తారు?

“ఏమన్నా, బస్సుకు కొట్టే రివిట్టే గదా. ఈ బొక్కలు మూసి రేపు ఇచ్చెయ్,” అన్నాడు ఓబులేసు. “సోమవారం చెరువులో వలలు వేస్తాండారు. పడవ ఉండేవాళ్లకే చేపల సొసైటీలో వంతు. ఇన్నేళ్లు బెంగుళూరులో ఇటుకలు మోసినా. ఈ వంతు దొరికితే ఊర్లోనే ఉంటా. లేదంటే మళ్లీ బస్సు ఎక్కల్ల.”

పడవ అడుగు చూశాను. రివెట్ల తలల చుట్టూ తెల్లని పొడి పేరుకుని ఉంది. స్క్రూడ్రైవరుతో నొక్కితే రేకు అప్పడంలా విరిగింది.

“దీంట్లో ఏం పోసినారప్పా?”

“చెరువు ఎండినాక ఆ అడుగులోనే శనక్కాయ వేసుకున్న్యాం. నాయన దీంట్లోనే ఎరువు కలుపుతాండె. నీళ్లే లేనప్పుడు పడవేంది, తొట్టేంది అన్నా?”

నవ్వాలో బాధపడాలో తెలియలేదు. ఎరువులోని ఉప్పుకు చెమ్మ తగిలితే అల్యూమినియాన్ని తినేస్తుంది. అదీ రివెట్ కిందే మొదలవుతుంది. పైకి కనబడదు.

ఇప్పుడు అన్ని షెడ్లలో వాడేది పాప్ రివెట్. గన్నుతో ఒక్కడే, ఒక వైపు నుంచే కొట్టేయవచ్చు. కానీ దాని నడుమ సన్నని బోలు ఉంటుంది. బస్సుకు ఫరవాలేదు, పడవకైతే అదే బొక్క. పడవకు సాలిడ్ రివెట్ కావాలి. దానికి ఇద్దరుండాలి. బయట ఒకరు సుత్తితో కొడితే, లోపల ఒకరు డాలీ, అంటే బరువైన ఇనుపముద్ద, రివెట్ తోకకు అదిమి పట్టాలి. రెంటి నడుమ నలిగి తోక తల అవుతుంది.

నా డాలీ మస్తాన్ భాయ్. మా కాలంలో నేను బస్సు బయట, ఆయన లోపల. మొహాలు కనబడేవి కావు. సుత్తితో పాటు నేను కీర్తన పాడేవాణ్ణి. దాన్నిబట్టి దెబ్బ ఎప్పుడు పడుతుందో ఆయనకు తెలిసిపోయేది. “పల్లవి కాడ నిద్రపోతావు, చరణంలో దౌడు తీస్తావు,” అని లోపలి నుంచి వెక్కిరించేవాడు. శుక్రవారం ఆయన నమాజుకు పోతే సుత్తి ఆగేది. ఆదివారం నేను చర్చిలో ఆరాధనకు పోతే డాలీ ఆగేది. రేకుకు అటూ ఇటూ ఇద్దరు భక్తులం. పాప్ గన్నులు వచ్చాక ఇద్దరి పని ఒకరిదైంది. ఆయన పంచరు అంగడి పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం నమాజు అయ్యాక వెళ్లి పిలిచాను.

“పడవా? ఈడనా? ఎండ తగిలిందా యోహానూ?” అన్నాడు గానీ, వెంటనే షట్టరు దించేశాడు.

కుళ్లిన రేకు కోసేసి, అంచులకు సీలెంట్ పూసి, కొత్త రేకును ప్యాచ్ వేశాం. వెడల్పున్న చోట భాయ్ డాలీ పట్టాడు. పడవ ముందు మూతి దగ్గర ఇరుకు. ఆయన మోకాళ్లు వంగలేదు.

“నువ్వే దూరల్లప్పా,” అన్నాడు ఓబులేసుతో.

ఓబులేసు దూరాడు కానీ, దెబ్బ పడినప్పుడల్లా చెయ్యి లాగేసుకున్నాడు. రివెట్ తోకలు పక్కకు వాలిపోయాయి. అన్నీ డ్రిల్లుతో తీసి మళ్లీ మొదలుపెట్టాం.

“ఆయప్ప కొట్టేది నిన్ను కాదప్పా, రివిట్టును,” అన్నాడు భాయ్.

శనివారం మధ్యాహ్నానికి ఓబులేసుకు ఓపిక పోయింది. బయటికి వచ్చి డాలీ కింద పడేశాడు. “ఏదో ఒక బంక పూసి ఇచ్చెయ్ అన్నా. పైకి యాడ కనపడతాది?”

“నీకు ఈత వస్తుందా?” అని అడిగాను.

అతను తల దించుకున్నాడు. “నా చిన్నప్పుడే చెరువు ఎండిపాయ. ఈత యాడ నేర్చేది?”

చేపలు పట్టే ఇంట పుట్టినవాడు. భాయ్ డాలీ తీసి అతని చేతిలో పెట్టాడు. “అట్లయితే దూరు. సుత్తి కోసం చూడాకు. ముందే ఒత్తి పట్టుకో. రేకు అవతల ఒకడున్నాడని నమ్ము, అంతే.”

నేను పాట ఎత్తుకున్నాను. రెండో చరణానికి చప్పుడు మారింది. వదులు మోత పోయి గట్టి మోత వచ్చింది. బయట భాయ్ కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు.

సాయంత్రం పడవను స్టాండ్ల మీద పెట్టి, బయటి అతుకులకు ముగ్గుపిండి రాసి, లోపల నీళ్లు నింపాం. కారితే పిండి తడుస్తుంది. మూతి దగ్గర ఒక్క చోట తడిసింది. ఎవరూ ఏమీ అనకముందే ఓబులేసు నీళ్లు తోడేసి, డాలీ తీసుకుని లోపలికి దూరాడు. మళ్లీ నింపితే పిండి పొడిగానే ఉంది.

సోమవారం మేమిద్దరం చెరువు గట్టుకు వెళ్లాం. నేను పడవ మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాను. భాయ్ గాలి కొట్టిన లారీ ట్యూబును పడవలో వేసి, “నీ ప్రార్థన నీది, నా ట్యూబు నాది,” అన్నాడు. ఊరి పెద్దాయన తెడ్డు పట్టాడు. ఓబులేసు రెండు చేతులా అంచులు పట్టుకుని కూర్చున్నాడు. నడి చెరువులో పడవ చిన్నదైపోయేసరికి నేను నీళ్ల అంచుదాకా దిగాను. అంతలో దూరాన అతను అంచులు వదిలి, లేచి వల విసరడం కనిపించింది.

తిరిగి వచ్చాక పడవ మూతి లోపలి అతుకును అరచేత్తో తుడిచి మాకు చూపించాడు. చేతికి తడి లేదు. “నీళ్లు అడుగున తడతాంటే, లోపలి నుంచి ఒత్తి పట్టుకోల్లని చెయ్యి పోతాందన్నా,” అన్నాడు. ఆ ఏడు అతను బెంగుళూరు పోలేదు.

విశ్వాసం గురించి మా చర్చి సంఘంలో నేను చాలా ప్రసంగాలు చేశాను. ఎదుటివాణ్ణి చూడకుండా, దెబ్బకు వెనక్కి తగ్గకుండా, కనబడని చోట ఒత్తి పట్టి నిలబడడమే విశ్వాసమని నాకు తెలిసింది మాత్రం ఆ పడవ దగ్గరే. ఇప్పుడు షెడ్డులో ఎవరు కొత్తగా చేరినా మొదట సుత్తి ఇవ్వను. డాలీ ఇచ్చి రేకు వెనక్కి పంపుతాను.