గంట మోగితే నాదేనా?

తొంభైల చివర్లో మాదాపూర్‌లో ఓ కొత్త అద్దాల భవనంలో కూర్చుని నెట్‌వర్క్ కార్డుకు డ్రైవర్ ప్రోగ్రాం రాసేదాన్ని. నా ప్రొబేషన్ సోమవారంతో ఆఖరు. ఆ రోజు క్లయింటు ముందు డ్రైవర్ ఆడితే ఉద్యోగం పర్మినెంటు, లేదంటే పెట్టె సర్దుకుని కాకినాడ బస్సెక్కడమే. అదేమో పది నిమిషాలకోసారి మెషీన్‌ను బిగుసుకుపోయేలా చేస్తోంది!

కార్డుకు డేటా రాగానే అది ప్రాసెసర్‌కు గంట కొడుతుంది. దాన్నే ఇంటరప్ట్ అంటారు. ఆ గంటకున్నది ఒక్కటే లైను; మా కార్డూ, డిస్కు కార్డూ పంచుకునేవి. ఇదంతా నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, నా బొంద! శనివారం దాకా జల్లెడ పట్టినా తప్పు దొరకలేదు.

హఫీజ్‌పేట్‌లో ఓ ఇంటి వెనక గదిలో అద్దెకుండేదాన్ని. సొంత ఫోను లేనివాళ్లందరిలాగే, ఓనరమ్మ నంబరుకే పక్కన ‘పీపీ’ అని, అంటే నన్ను పిలిచి ఇమ్మని, రాసి ఇచ్చేదాన్ని. ఫోను వరండాలో ఉండేది. ఆదివారం పొద్దున మేనేజర్ చేస్తానన్నాడు. ఓనరమ్మ మేడమీద బట్టలు ఆరేస్తోంది. గంట మోగగానే ఒక్క ఉరుకున వెళ్లి ఎత్తాను.

“నేనే సార్, చెప్పండి!”

“ఏ సారు?” అంది గరగరల్లోంచి ఓ మగగొంతు. మేనేజర్ కాదు. రాంగ్ నంబరని పెట్టేశాను. మళ్లీ మోగింది. మళ్లీ “నేనే సార్!”, మళ్లీ పెట్టేశాను. ఇలా ఐదుసార్లు. ఆరోసారి ఓనరమ్మే దిగొచ్చి ఎత్తి, మాట్లాడి, నా మీద విరుచుకుపడింది.

“ఏందమ్మా, గంట మోగితే నీకేనా? ఎవలికని జర అడగవా? మా అల్లుడు దవాఖానల ఫోను పట్టుకొని ఎంత పరేషాన్ అయిండో! నా బిడ్డకు కొడుకు పుట్టిండు!”

సిగ్గుతో చచ్చిపోయాను. మరుక్షణం తట్టింది. నా డ్రైవరూ అచ్చం నాలాగే! గంట మోగితే చాలు, కార్డును అడక్కుండానే ‘నాదే’ అంటోంది. ఇక డిస్కు సంగతి చూసేదెవరు? పాపం, డిస్కు మళ్లీ గంట కొడుతుంది. ఇది మళ్లీ ‘నాదే’ అంటుంది. మెషీన్ బిగుసుకుపోక ఏం చేస్తుంది?

దొరికిన ఆటో ఎక్కి ఆఫీసులో పడ్డాను. ముందు కార్డు స్టేటస్ చూసి, తనది కాకపోతే తప్పుకునేలా రెండు లైన్లు రాశాను. రెండంటే రెండే! సోమవారం క్లయింటు ముందు డ్రైవర్ రోజంతా ఆడింది.

సాయంత్రం వరండాలో ఫోను మోగింది. ఎత్తి, “ఎవరు కావాలండి?” అన్నాను. నేనే కావాలట. మేనేజర్! ఉద్యోగం పర్మినెంటట.

గంతులేస్తున్న నా నోట్లో ఓనరమ్మ దూద్‌పేడా కుక్కింది. “చూసినవా, అంతా మా మనుమని పుణ్యమే!”

ఇంజనీరింగ్ చదివినదాన్ని, కాదందామనుకున్నాను. కానీ వాడు పుట్టిన కబురు రాకపోతే నేనీపాటికి కాకినాడ బస్సులో ఉండేదాన్ని. ఇంకో పేడా అడిగాను.