అల్లుడికి చుట్టాల వైఫై

ఉద్యమం రోజుల్లో మా బాపు రెండు విషయాల్లో వేర్పాటువాది. రాష్ట్రం వేరు కావాలి, ఇంట్లో వైఫై వేరు కావాలి. రాష్ట్రం సంగతి ఢిల్లీ చేతిలో ఉంది కాబట్టి ముందు వైఫై పని పట్టాడు.

జనగామలో మా ఇల్లు మెయిన్ రోడ్డు మీదే. గేటు ఎదురుగా రిలే నిరాహార దీక్షల టెంటు వేశారు. అక్కడ కూర్చున్నవాళ్లు వార్తలు చూసుకోవడానికి మన నెట్ ఇద్దామన్నాడు బాపు. నేనప్పుడు ఇంట్లోనే కంప్యూటర్ మీద ఆఫీసు పని చేసేదాన్ని. నా ఫైళ్లున్న నెట్‌లోకి ఊరంతా వస్తే ఉద్యోగం ఊడుతుందని మొత్తుకున్నాను. అయితే వేరే పెడదామన్నాడు బాపు. అట్లా రెండు పెట్టాం. ఇంటివాళ్లది ‘ఇల్లు’, వచ్చిపోయేవాళ్లది ‘చుట్టాలు’. ఎండకూ వానకూ ఆగే వైఫై డబ్బా ఒకటి తెచ్చి గేటు పక్క గోడకు బిగించి, దాన్నుంచి ‘చుట్టాలు’ మాత్రమే బయటికి వచ్చేలా చేశాను. అమ్మ ఆ డబ్బాకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది.

అప్పుడే నెల్లికుదురు నుంచి అక్కా బావా రెండు రోజులుండి పోదామని వచ్చారు. మర్నాడు సమ్మె మొదలై బస్సులు బందయ్యాయి. మొదట్లో కోడికూర తిన్న బావ పచ్చిపులుసులోకి దిగాడు. అయినా దానికి అలగలేదు.

అలిగింది వైఫైకి. వాకిట్లో మంచం మీద కూర్చుని పాస్‌వర్డ్ అడిగితే, అక్కడ అందేది అదే కాబట్టి బాపు ‘చుట్టాలు’ది చెప్పాడు. కాసేపటికి మంచినీళ్లకని లోపలికి వచ్చిన బావకు ఫోన్‌లో ‘ఇల్లు’ అని ఇంకొకటి కనబడింది.

"నేను గీ ఇంటి అల్లుణ్ని. నన్ను చుట్టాల్ల కలుపుతరా?" అని చెప్పులేసుకున్నాడు.

అలిగిన అల్లుడు ఊరికి పోవాలి. బస్సు లేదు. కాబట్టి గేటు దాటి టెంట్లో కూర్చున్నాడు. అంత దూరం నుంచి దీక్షకొచ్చిన మనిషని వాళ్లు మురిసిపోయి మెడలో బంతిపూల దండ వేశారు.

అమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు. "అల్లుడు మన గేటు ముంగట ఉపాసం కూసున్నడు. ఊరోళ్లు ఏమనుకుంటరు?"

"ఏమనుకుంటరే? జై కొడుతున్నరు గద," అన్నాడు బాపు.

మరదలిని కదా, నేను ఊరుకోలేదు. టెంటు దగ్గరికి పోయి, "రాష్ట్రం వేరు గావాలె, వైఫై మాత్రం కలిసుండాల్నా బావా?" అన్నాను.

"నాది వేరే ఉద్యమం," అన్నాడు నవ్వకుండా.

ఇంట్లోకి వచ్చేసరికి అక్క బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే అన్నది. "నాక్కూడ చుట్టాలదే ఇచ్చిండు బాపు. వచ్చిన కాడికెల్లి దాంట్లనే ఉన్న. నేనేమన్న అలిగిన్నా?"

నాకు చాలా బాధనిపించింది. బాపు మాత్రం ఆశ్చర్యపోయాడు.

"నువ్వు వాకిట్ల అడిగితివి, అక్కడ వచ్చేది చెప్పిన. ఇంటిది నీకు నేను చెప్పాల్నా బిడ్డా? నీ పేరే గద!"

"నా పేరా?"

"సకినం."

చిన్నప్పుడు అక్క చేతిలో కరకరలాడే బియ్యప్పిండి సకినం లేనిదే నిద్రపోయేది కాదట. పెళ్లయ్యేదాకా ఇంట్లో అందరం అలాగే పిలిచేవాళ్లం. పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు బాపుకు ఇంకే మాటా తోచలేదు.

నేను కంప్యూటర్ ముందు కూర్చుని, గోడమీది డబ్బా నుంచి ‘ఇల్లు’ కూడా బయటికి వచ్చేలా మార్చాను. డబ్బా ఒకటే, తీగ ఒకటే. అయినా చుట్టాల్లో ఉన్నవాళ్లకు ఇంటివాళ్ల ఫైళ్లు కనబడవు. బాపు నిమ్మరసం గ్లాసు పట్టుకుని టెంట్లోకి పోయి బావ చెవిలో పాస్‌వర్డ్ చెప్పి, అది ఎవరి పేరో కూడా చెప్పాడు. దీక్ష ముగిసింది.

ముగిసి ఊరుకుంటే బాగుండేది. భార్య ముద్దుపేరు బావకు అప్పటిదాకా తెలియదు. దండ ఊగిపోయేలా నవ్వి, ఏమైందన్నా అని అడిగినవాళ్లందరికీ గర్వంగా చాటాడు. "మా ఇంటి పాస్‌వర్డ్ సకినం! మా ఆమె పేరు!"

సాయంత్రానికి టెంటు మొత్తం మా ‘ఇల్లు’లో చేరింది. నేను ఆఫీసు కంప్యూటర్‌ను ‘చుట్టాలు’లోకి మార్చుకున్నాను. అక్క గేటు దగ్గరికొస్తే చాలు, "బాగున్నవా సకినమక్కా" అని పలకరింపులు.

మర్నాడు పొద్దున టెంట్లో దండ అక్క మెడలో ఉంది. డిమాండ్ ఒక్కటే, పాస్‌వర్డ్ మార్చాలి.

బాపు మళ్లీ నిమ్మరసం పట్టుకుని పోయాడు. కొత్త చీర తెస్తానన్నాడు. రోజూ కోడికూరే అన్నాడు. అదొక్కటి మాత్రం మార్చనన్నాడు.

"ఎందుకు మార్చవు?" అని గట్టిగా అడిగింది అక్క.

"నువ్వు నెల్లికుదురు పోయినంక ఆ పేరు ఇంట్ల ఎవలం అంటలేము బిడ్డా. గిట్లన్న రోజుకొక్కసారి ఫోన్ల తీసేసి మళ్ల కొట్టుకుంట."

అక్క దండ తీసి బాపు చేతిలో పెట్టి, గ్లాసు అందుకుంది.